చచ్చిన ముక్కను లేపడం ఎలా? బండారులంక పద్ధతి

పదమూడు ముక్కల రమ్మీలో చెయ్యి తిరిగినవాడికి ప్రపంచంలో ఏ పేకాటయినా వచ్చేసినట్టే. మా బండారులంక అరుగుల మీద ఇది తిరుగులేని సిద్ధాంతం. అందుకే సంక్రాంతికి డాలస్ నుంచి దిగిన మా మేనకోడలు ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అనే బొమ్మల పేక కట్ట విప్పి, “మావయ్యా, శ్మశానం కట్ట ఎలా కడతారో తెలుసా?” అంటే నేను తడుముకోలేదు. రూల్సు పుస్తకం చదివితే ఉన్న తెలివి పోతుందని దాన్ని పక్కన పెట్టించి సలహాలు మొదలుపెట్టాను. అడగనివాళ్లకి కూడా చెప్పడం మా కోనసీమ మర్యాద గనక, మీ అందరి కోసం రాసి పెడుతున్నానండి.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే అమెరికా లెక్కల మేష్టారు తయారుచేయగా 1993లో బజారులోకి వచ్చింది. రమ్మీలో అందరూ ఒకే కట్టలోంచి ఎత్తుతారు. ఇందులో ఎవరి కట్ట వాళ్లు ఇంటి దగ్గరే కట్టుకుని రావాలి. కనీసం 60 ముక్కలు, ఒకే పేరున్న ముక్క 4కి మించకూడదు. మామూలు నేల ముక్కలకి మాత్రం ఆ హద్దు లేదు. చేతికి 7 ముక్కలు, ఒంట్లో 20 ప్రాణాలతో మొదలు. వంతుకో నేల ముక్క దించి, దాన్నుంచి మానా అనే శక్తి తీసి, ఆ శక్తితో జీవుల్నీ మంత్రాల్నీ దించాలి. ఎదుటివాడి 20 ప్రాణాలూ సున్నా చేస్తే మనదే ఆట. చచ్చినవీ, వాడేసినవీ, పారేసినవీ ఎవరి ముక్కలు వాళ్ల పక్కన గుట్టగా పడతాయి. ఆ గుట్ట పేరే శ్మశానం.

8 మానాల ఖరీదున్న రాక్షసుణ్ని న్యాయంగా దించాలంటే మామూలుగా ఎనిమిదో వంతు దాకా కాచుకోవాలి. అంత ఓపిక లేనివాళ్లు వాణ్ని ముందే శ్మశానంలో పడేసి, ఒకటి రెండు మానాల మంత్రంతో రెండో వంతుకే లేపి నిలబెడతారు. ఇదే శ్మశానం కట్ట. వాళ్ల భాషలో రీయానిమేటర్. మన లెక్కన శుక్రాచార్యుల వారి వృత్తి. ఇక చిట్కాలు.

1. రాక్షసుల్ని దండిగా పెట్టండి

లేపడానికి రాక్షసుడే లేకపోతే ఎవర్ని లేపుతారు? కాబట్టి 60లో సగం రాక్షసులే ఉండాలి. మా మేనకోడలు కాగితం మీద ఏవో లెక్కలు వేసింది. ఒక ముక్క 4 కాపీలుంటే మొదటి ఏడింటిలో కనీసం ఒకటి రావడానికి నూటికి 40 పాళ్లు అవకాశమట. అదే పని చేసే ముక్కలు 8 ఉంటే 65 పాళ్లు, 12 ఉంటే 81 పాళ్లు. ఈ కట్టకి మూడు రకాల ముక్కలు ఒకేసారి చేతికి అందాలి గనక, పారేసే ముక్కలూ లేపే ముక్కలూ చెరో ఎనిమిదయినా పెట్టి, రాక్షసుల్ని అరడజనుతో సరిపెట్టాలని ఆవిడ వాదన. పడుగు ఎక్కించకుండా నాడె ఎంత ఆడించినా చీర రాదని వాళ్ల తాతగారు మగ్గం గుంటలోంచి వంత పాడారు. ఆయన చేనేత మనిషి, పేకాట ఆయనకేం తెలుస్తుంది? మీరు రాక్షసుల సంఖ్య తగ్గించకండి. చేతిలో ఏడుకి ఆరు రాక్షసులు ఉంటే ఎదుటివాడికి చూపించి మురిసిపోవచ్చు. నియమాల్లో దానికి అడ్డేమీ లేదు.

2. పారేయడం గురించి బెంగ పెట్టుకోకండి

రమ్మీలో వంతుకో ముక్క కొడతాం. ఇందులోనూ అంతే అయ్యుంటుంది కదా అని ధైర్యంగా ఉండండి.

కాదట. ఈ ఆటలో మనకి ఇష్టమొచ్చినప్పుడు ముక్క పారేయడానికి లేదు. వంతు చివర చేతిలో 7 కన్నా ఎక్కువ ఉంటేనే పైవి పారేయాలి. అందుకని పారేయడానికి వేరే ముక్కలు కొనుక్కోవాలి. 2001లో వచ్చిన ఎన్‌టూమ్ ఉంది. ఒక్క నల్ల మానా ఇస్తే కట్టంతా వెతికి మనకి కావలసిన ముక్కని తిన్నగా శ్మశానంలో పడుకోబెడుతుంది. 2012 నాటి ఫెయిత్‌లెస్ లూటింగ్ ఉంది. ఒక్క ఎర్ర మానాకి రెండు ముక్కలు ఎత్తి రెండు పారేయమంటుంది. థాట్‌సీజ్ అని 2007 ముక్క ఒకటి. ఎదుటివాడి చెయ్యి చూసి, అందులో నేల కాని ముక్క ఒకటి మనం ఎంచి పారేయించేది. దానికి మనవి 2 ప్రాణాలు పోతాయి. చేతిలో రాక్షసుడు ఇరుక్కుపోతే దాన్ని మన మీద మనమే వేసుకుని వాణ్ని శ్మశానానికి పంపుకోవచ్చు కూడా.

ఇన్ని ముక్కలకి చోటిస్తే రాక్షసులకి చోటెక్కడ? అంచేత ఇవేమీ వద్దు.

ఖర్చు లేని దారి ఒకటి మాత్రం ఉంది. మొదట ఆడేవాడు తొలి వంతులో ముక్క ఎత్తకూడదు. రెండోవాడు ఎత్తుకోవచ్చు. అంటే రెండోవాడి చేతిలో 8. వాడు ఏమీ దించకుండా వంతు ముగించేస్తే, ఎక్కువైన ఆ ఒక్క ముక్కా పారేయక తప్పదు. అది రాక్షసుడైతే పైసా ఖర్చు లేకుండా శ్మశానం చేరాడన్నమాట. దీనికి నేల ముక్క కూడా దించకుండా ఆగాలి. చేతిలో ముక్క ఉండగా దించకుండా కూర్చోవడం మగతనం అనిపించుకోదు గనక ఈ దారీ వదిలేయండి.

3. ఉన్నవాళ్లలో అందరికన్నా పెద్దవాణ్నే ఎంచుకోండి

2009లో ప్రొజెనిటస్ అని ఒకడు వచ్చాడు. ఖరీదు 10 మానాలు, బలం 10, అన్నిటి నుంచీ రక్షణ. వీణ్ని రెండో వంతుకే లేపితే ఎదుటివాడు కుర్చీలోంచి లేచి దణ్ణం పెట్టాలి. నాలుగు కాపీలూ పెట్టండి.

ముక్క కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో రాసుంది. వీడు ఎటు నుంచైనా శ్మశానంలో పడబోతే, పడకుండా తిరిగి కట్టలో కలిసిపోతాడట. అంటే శ్మశానంలో అడుగే పెట్టనివాణ్ని శ్మశానం నుంచి లేపాలన్నమాట. చిన్న అక్షరాలు చదివే అలవాటు రమ్మీలో లేదు. మీరూ చేసుకోకండి. జీవిని దించడానికి మానా చెల్లించినప్పుడే పనిచేసే వరాలు కొన్ని పెద్ద ముక్కల మీద ఉంటాయి. శ్మశానం నుంచి లేచి వచ్చినవాడికి అవి దక్కవు. అది కూడా చిన్న అక్షరాలే.

4. ప్రాణాలు లెక్కపెట్టుకునేవాడు పిసినారి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా. కాస్త నిదానంగా చదవండి.

1997లో వచ్చిన రీయానిమేట్ అనే మంత్రం ఒక్క నల్ల మానాతో ఎంతటివాణ్నయినా లేపుతుంది. దానికి ప్రతిఫలం, లేచినవాడి ఖరీదెంతో మనకి అన్ని ప్రాణాలు పోతాయి. ఈ కట్ట కట్టేవాళ్లకి ముద్దుబిడ్డ గ్రిసెల్‌బ్రాండ్. 2012 నాటి రాక్షసుడు, ఖరీదు 8, బలం 7, గాల్లో ఎగురుతాడు, ఎన్ని దెబ్బలు కొడితే మనకి అన్ని ప్రాణాలు తెచ్చిపెడతాడు. పైగా మనం 7 ప్రాణాలు ఇచ్చుకున్న ప్రతిసారీ 7 ముక్కలు ఎత్తుకోనిస్తాడు. అందుకు మానా కూడా అడగడు.

మొదట మనమే ఆడుతున్నాం అనుకోండి. మొదటి వంతులో నేల దించి ఎన్‌టూమ్ వేసి గ్రిసెల్‌బ్రాండ్‌ని శ్మశానంలో పడుకోబెట్టాం. రెండో వంతులో ఒకటి ఎత్తి, ఇంకో నేల దించి, రీయానిమేట్ వేశాం. 20లోంచి 8 పోయి 12 ప్రాణాలు. చేతిలో 4 ముక్కలు. ఇక్కడ ఆగకండి. వెంటనే 7 ప్రాణాలు ఇచ్చేసి 7 ముక్కలు ఎత్తేయండి. ఇప్పుడు చేతిలో 11, ఒంట్లో 5. ఎంత నిండుగా ఉంటుందో చెయ్యి! గ్రిసెల్‌బ్రాండ్ లేచిన వంతులోనే దాడి చెయ్యలేడు. మళ్లీ మన వంతు వచ్చేదాకా ఒళ్లు విరుచుకుంటూ నిలబడాల్సిందే. వంతు చివర చేతిలో 7 మిగిలేలా 4 పారేయండి.

ఎదుటివాడు ఒక్క తెల్ల మానా ఖర్చుపెట్టి స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ వేస్తాడు. 1993లో మొట్టమొదటి కట్టల్లోనే వచ్చిన ముసలి మంత్రం అది. గ్రిసెల్‌బ్రాండ్ చావడు, ఆట నుంచే వెలి అవుతాడు. శ్మశానానికి రాడు గనక మళ్లీ లేపడానికి ఉండదు. వెలి అయినవాడి బలం కొద్దీ మనకి 7 ప్రాణాలు తిరిగొస్తాయి, అదొక్కటే ఓదార్పు. మా మేనకోడలు చెప్పేదేమిటంటే, 12 దగ్గరే ఆగి ఉంటే ఎదుటివాడు స్వోర్డ్స్ వేయగానే దానికి జవాబుగా 7 ఇచ్చి 7 ముక్కలు ఎత్తుకోవచ్చు. ఆ తరవాత పోయినవి ఎలాగూ తిరిగొస్తాయి. అదే 5 దగ్గరుంటే జవాబు చెప్పడానికి ఒంట్లో ప్రాణాలే చాలవు. గండం ఏదీ లేదనిపించినప్పుడు ముందే ఎత్తడం వేరు, ఎదుటివాడి ముందు తెల్ల నేల కనిపిస్తూంటే ఎత్తడం వేరు అని కూడా అంది. ఇవన్నీ చదువుకున్నవాళ్ల చాదస్తాలు.

రాజమహేంద్రవరంలో నన్నయ భట్టారకుడు తెలుగు చేసిన ఆదిపర్వంలో కచుడి కథ ఉంది కదా. రాక్షసులు కచుణ్ని చంపి, కాల్చి, ఆ బూడిద సురలో కలిపి శుక్రుడి చేతే తాగించారు. శిష్యుణ్ని లేపితే తన కడుపు చీలుతుందని శుక్రుడికి తెలుసు. అందుకే ముందు లోపలున్నవాడికి మృతసంజీవని నేర్పించి, వాడు బయటికొచ్చాక తనని లేపేలా కట్టుదిట్టం చేసుకుని, ఆ తరవాతే వాణ్ని బయటికి రప్పించాడు. ఖర్చెంతో లెక్క చూసుకుని ఆడాడు. కానీ ఆయన రాక్షసుల గురువు, మనకి ఆదర్శం కాదు.

5. ఎదుటివాడి గుట్ట వైపు తలెత్తి చూడకండి

రమ్మీలో ఎదుటివాడు కొట్టిన ముక్క మనం ఎత్తుకుంటాం, కొట్టిన వరస గుర్తుపెట్టుకుని వాడి చేతిలో ఏముందో పసిగడతాం. ఈ విద్యకి సుప్రీంకోర్టు గుర్తింపు కూడా ఉంది తెలుసా! సికిందరాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు పడ్డ కేసు ఢిల్లీ దాకా వెళ్లింది. 1968 నాటి లా రిపోర్టుల్లో సత్యనారాయణ కేసు అంటారు. మూడు ముక్కలాట లాగా రమ్మీ ఉత్త అదృష్టం కాదు, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, దానికి నేర్పు కావాలి అని జడ్జీలు తేల్చారు. ఆ తీర్పు పేరు చెప్పుకుని మా అరుగు మీద ఎన్ని కాఫీలు తాగామో!

శ్మశానం కట్టలో మాత్రం ఆ నేర్పు దాచెయ్యండి. రీయానిమేట్ మన శ్మశానం నుంచే లేపాలని లేదు, ఎవరి శ్మశానం నుంచైనా లేపుతుంది. థాట్‌సీజ్‌తో ఎదుటివాడి చేతిలో మంచి జీవిని పారేయించి, తరవాతి వంతులో దాన్నే మన పక్షాన నిలబెట్టేవాళ్లున్నారు. ఇది బొత్తిగా మర్యాద కాదు. ఎగ్జ్యూమ్ అని 1998 మంత్రం ఒకటుంది. అది వేస్తే ఇద్దరూ ఎవరి శ్మశానం నుంచి వాళ్లు ఒక జీవిని లేపుకుంటారు. వేసేముందు ఎదుటివాడి గుట్టలో ఎవరు పడుకున్నారో చూడటం లేకితనం. చూడకుండా వేయండి. వాడి గుట్టలో మనకన్నా పెద్దవాడుంటే, పండగ పూట ఇద్దరికీ భోజనం పెట్టినట్టే.

6. శ్మశానాన్ని ఊడ్చేవాళ్లు ఉండరని నమ్మండి

పోటీల్లో మామూలుగా మూడు ఆటల్లో రెండు గెలవాలి. మొదటి ఆట అయ్యాక, పక్కన దాచుకున్న 15 ముక్కల్లోంచి కొన్ని మార్చుకోవచ్చు. మొదటి ఆటలో మన శ్మశానం కట్ట ఎదుటివాణ్ని ఉతికి ఆరేస్తుంది. రెండో ఆటకి వాడు చీపురు పట్టుకుని వస్తాడు. 1994 నాటి టోర్మాడ్స్ క్రిప్ట్‌కి మానాయే అక్కర్లేదు. ఊరికే దించి, అవసరమైనప్పుడు మన గుట్టంతా ఊడ్చేయొచ్చు. 2006 నాటి లేలైన్ ఆఫ్ ద వాయిడ్ మొదటి ఏడింటిలో వచ్చిందంటే ఆట మొదలవకముందే బల్ల మీద కూర్చుని, మన ముక్క ఏదీ శ్మశానానికి చేరకుండా వెలి వేస్తుంది. 2012 నాటి రెస్ట్ ఇన్ పీస్ 2 మానాలకి రెండు గుట్టల్నీ తుడిచి, ఇకముందు ఎవరికీ శ్మశానమే లేకుండా చేస్తుంది.

మీరు మాత్రం రాక్షసుల్ని నలుగురైదుగుర్ని ఒకేసారి పారేసి గుట్ట నిండుగా పెట్టుకోండి. ఊడ్చేవాడికి రెండుసార్లు వంగే శ్రమ ఎందుకు? ఎన్‌టూమ్‌ని ఎదుటివాడి వంతు చివర కూడా వేయొచ్చట. అలా వేసి మన వంతు రాగానే లేపేస్తే ఊడ్చడానికి వాడికి వ్యవధి తక్కువట. ఇంత గుట్టుగా ఆడటం దేనికండీ? మన వంతులోనే, వాడు చూస్తుండగా, “ఇదిగో పడుకోబెట్టాను, వచ్చే వంతులో లేపుతాను” అని చెప్పి మరీ వేయండి. అలాగే చీపుర్లని విరగ్గొట్టే ముక్కలు కానీ, శ్మశానంతో పని లేకుండా గెలిచే రెండో దారి కానీ ఆ 15లో పెట్టకండి. మొదటి దారి మీద నమ్మకం లేనివాడే రెండో దారి వెతుకుతాడు.

7. స్కూట్ కొట్టకండి

ముక్కలు బాలేకపోతే రమ్మీలో స్కూట్ కొట్టి 20తో బయటపడతాం. మధ్యలో దిగితే 40, మొండికేసి ఆడి దొరికిపోతే 80. అరుగు మీద పిల్లకాయకి కూడా తెలిసిన లెక్క ఇది.

ఈ ఆటలోనూ స్కూట్ లాంటిది ఉంది. మొదటి ఏడు నచ్చకపోతే తిరిగి కలిపేసి మళ్లీ ఏడు ఎత్తొచ్చు. ఎన్నిసార్లు కలిపితే అన్ని ముక్కలు ఏరి కట్ట అడుగున పెట్టాలి. 2019 నుంచీ ఇదే పద్ధతి. మిగతా కట్టలవాళ్లకి ఇది నష్టం, శ్మశానం కట్టకి అంత నష్టం కాదు. దానికి కావలసింది పారేసేది ఒకటి, లేపేది ఒకటి, రెండు నేలలు. ఎన్‌టూమ్ దొరికిందంటే రాక్షసుణ్ని అదే వెతుక్కొస్తుంది. ఆ నాలుగూ కుదిరితే మిగతా చెయ్యి ఎలా ఉన్నా ఆట నడుస్తుంది. ఏడు అందమైన ముక్కల కన్నా అయిదు పనికొచ్చే ముక్కలు మేలన్నమాట. అందుకే మీరు ఆరుగురు రాక్షసులూ ఒక నేలా వచ్చిన చేతిని గుండెలకి హత్తుకుని, “వస్తాయిలే” అనుకుంటూ ఆడండి. 80 కౌంట్ ఇచ్చినవాడి మొహం ఎలా ఉంటుందో బల్ల చుట్టూ ఉన్నవాళ్లకీ తెలియాలి కదా.

8. ప్యాకెట్లు కొంటూ పోండి

ఫలానా ముక్క కావాలంటే దాన్ని విడిగా కొనుక్కునే వీలుంది. అలా చేస్తే సరదా ఏముంది? లోపల ఏముందో తెలియని బూస్టర్ ప్యాకెట్లు కొని విప్పుతూ కూర్చోండి. పాత సెట్ల ముక్క కోసం కొత్త సెట్ల ప్యాకెట్లు విప్పడం ఇంకా రసవత్తరంగా ఉంటుంది. ఇంకో దారి ఉందండీ, నాకు నచ్చదు. ముక్కల బొమ్మలు జెరాక్స్ తీయించి, చిరిగిన రమ్మీ ముక్కల మీద పెట్టి ప్లాస్టిక్ తొడుగుల్లో దూర్చి, ముందు ఇంట్లో ఆడి చూసుకోవడం. అసలు పోటీల్లో అవి చెల్లవు, ఇంట్లో మాత్రం కట్ట పనిచేస్తుందో లేదో నాలుగు డబ్బులతో తేలిపోతుంది. తేలిపోతే ఇక డబ్బు తగలేయడానికి సాకు ఉండదు.

9. నిషేధాల జాబితా చూడకండి

ఈ ఆటలో పోటీ రకాలు చాలా ఉన్నాయి. ఒక్కో రకానికి ఒక్కో నిషేధాల జాబితా. శ్మశానం ముక్కలు వాటిలోకి వెళ్తుంటాయి, వస్తుంటాయి. ఫెయిత్‌లెస్ లూటింగ్‌నే మోడర్న్ అనే రకంలో 2019లో నిషేధించి, 2024 డిసెంబరులో మళ్లీ అనుమతించారు. దాన్ని కూడా ఎవరో లేపారన్నమాట. పోటీకి వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాక, ఎదుటివాడు చెబితే తెలుసుకోవడమే బాగుంటుంది.

పందెం మాత్రం నేను కూడా ప్రోత్సహించను. నేర్పున్న ఆటే కదా అని సుప్రీంకోర్టు పేరు చెప్పి తప్పించుకునే రోజులు పోయాయి. డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడే రమ్మీని మన రాష్ట్రం 2020లోనే ఆపేసింది. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది.

చివరగా నా తీర్పు ఇది. పారేసేదీ లేపేదీ సమపాళ్లలో కట్టుకుని, ప్రాణాల లెక్క చూసుకుని, రెండు గుట్టల మీదా కన్నేసి ఉంచి, బాలేని చేతిని వెనక్కి ఇచ్చేసేవాడితో ఆడటం మహా విసుగు. అలాంటివాళ్లు మా మేనకోడలితో ఆడుకోవచ్చు. పైన చెప్పిన తొమ్మిది చిట్కాలనీ తు.చ. తప్పకుండా పాటించి కట్ట కట్టుకున్నవాళ్లు మాత్రం ఎవరి దగ్గరికో పోకుండా వచ్చే సంక్రాంతికి తిన్నగా బండారులంక వచ్చి, నా ఎదురుగానే కూర్చోవలసిందిగా మనవి.